అమ్రాబాద్ నుంచి అప్పన్నపల్లి దాకా: దక్షిణ తెలంగాణ అడవుల్లో తిరగడానికి సమగ్ర మార్గదర్శి

శ్రీశైలం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నల్లమలను చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ అడవిలో దిగి ఒక పూట గడిపినవాళ్లు మాత్రం తక్కువే. ఎందుకని అడిగితే కొందరు "లోపలికి రానివ్వరట కదా" అంటారు. మరికొందరు "సర్కారు అడవే కదా, ఎక్కడైనా బండి ఆపుకోవచ్చు" అంటారు. రెండు మాటలూ తప్పే. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల అటవీ భూముల్లో నడకకు, సఫారీకి, రాత్రి బసకు, జలపాతాలు చూడటానికి చట్టబద్ధమైన దారులు ఉన్నాయి. వాటికి వేళలు, హద్దులు ఉన్నాయి. అవి తెలుసుకుని బయలుదేరితే ప్రయాణం హాయిగా సాగుతుంది.

వివరాల్లోకి వెళ్లే ముందు నా అభిప్రాయం ఒకటి చెబుతాను. శని, ఆదివారాల్లో నాలుగైదు చోట్లు చుట్టి రావాలని జాబితా రాసుకున్నవాళ్లకు రోడ్డు తప్ప అడవి కనిపించదు. రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి. ఆ చోటు తెలిసిన చెంచు గైడును వెంట తీసుకోండి. కింద చెప్పేదంతా చాలావరకు ఈ రెండింటికీ కావలసిన ఏర్పాట్లే.

మొదటి అడుగు: ఏ అడవో తేల్చుకోండి

అన్ని అడవులకూ ఒకే నిబంధన లేదు. మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్దది నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ (నడిమి అడవి), మిగిలిన 445 బఫర్ (దాని చుట్టూ ఉండే అడవి). 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో కృష్ణకు ఇవతలి భాగమే రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది.

ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేనివారు అభయారణ్యంలోకి ప్రవేశించకూడదు. ఏయే పనులకు అనుమతి ఇవ్వవచ్చో 28వ సెక్షన్ చెబుతుంది. పరిశోధన, ఫొటోగ్రఫీతో పాటు పర్యాటకం కూడా అందులో ఉంది. కాబట్టి చూడటానికి వెళ్తామని అడగడంలో సంకోచించాల్సింది ఏమీ లేదు. అయితే అటవీశాఖ తెరిచిన దారుల్లోనే వెళ్లాలి. హైవే మీద బండి ఆపి ఫొటో కోసం చెట్ల మధ్యకు నడవడం కూడా ఉల్లంఘనే. 2022లో చట్టాన్ని సవరించాక సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రెండో రకం ఊళ్ల చుట్టూ గుట్టల మీద ఉండే రిజర్వు ఫారెస్టులు. రాచకొండ గుట్టలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ గుట్టల్లోనే రేచర్ల వెలమ నాయకుల రాజధాని ఉండేది. కోటగోడలు, గుడులు, బండరాళ్ల మధ్య పగటి నడకకు చాలా బాగుంటుంది. ఇలాంటి చోట్ల కోట ఒక శాఖది, చుట్టూ ఉన్న అడవి మరో శాఖది అయి ఉండవచ్చు. అందుకే వెళ్లే ముందు ఆ ప్రాంతపు రేంజ్ ఆఫీసులో గానీ, బీట్ ఆఫీసర్‌ను గానీ అడగడం మేలు.

మూడో రకం టికెట్టు కొనుక్కుని నేరుగా వెళ్లగలిగే అర్బన్ పార్కులు. మహబూబ్‌నగర్ పక్కన అప్పన్నపల్లి అడవిలో 2,087 ఎకరాల ఎకో పార్కు ఉంది. జనం నోట ఇప్పటికీ అది మయూరి పార్కే. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా సలహా. కాలిబాట మీద గంట నడవలేని పిల్లవాడిని నేరుగా నల్లమలకు తీసుకెళ్తే వాడికీ కష్టం, మీకూ కష్టం.

రెండో అడుగు: కాలం చూసుకోండి

జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అమ్రాబాద్‌లో సఫారీలు మూసేస్తారు. వానలకు దారులు బురదవుతాయి, చాలా జంతువులకు అది జతకట్టే కాలం. ఈ మూడు నెలలూ లోపలి ప్రయాణం మాట మరచిపోండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాగులు పారుతుంటాయి, అడవి పచ్చగా ఉంటుంది. జలపాతం చూడాలంటే ఇదే సమయం. జంతువులు మాత్రం అంత తేలిగ్గా కనిపించవు. గడ్డి నిలువెత్తు ఉంటుంది, నీళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి అవి రోడ్ల దగ్గరకు రావలసిన అవసరం ఉండదు. డిసెంబరు, జనవరిలో ఉదయపు చలి బాగా ఉంటుంది, నడకకు హాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఈ రెండు నెలలే.

ఫిబ్రవరి నుంచి ఇది వేరే అడవి. నల్లమల ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తునికి ఆకులు రాల్చేస్తాయి. మోదుగ మాత్రం ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. ఆ వెంటనే ఇప్పపూల కాలం. చెట్ల మధ్య చూపు దూరం దాకా సాగుతుంది, నీటి చోట్లు తగ్గుతాయి, దుప్పులు, కణుతులు (సాంబర్ జింకలు) చెలమల దగ్గరకు, అటవీశాఖ కట్టించిన సాసర్ పిట్ల (పళ్లెంలాంటి నీటి తొట్ల) దగ్గరకు చేరతాయి. జంతువులను చూడాలన్న పట్టుదల ఉంటే మార్చి, ఏప్రిల్ ఉదయాలే సరైనవి. పదింటికల్లా ఎండ మండుతుందని, అది కార్చిచ్చుల కాలమని గుర్తుంచుకుని వెళ్లండి.

మూడో అడుగు: అనుమతి, బస

అమ్రాబాద్‌కు ద్వారం మన్ననూర్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం హైవే మీద సుమారు 140 కిలోమీటర్లు. సొంత బండి లేకపోతే శ్రీశైలం బస్సెక్కి మన్ననూర్‌లో దిగవచ్చు, లేదా అచ్చంపేట దాకా వచ్చి అక్కడ మారవచ్చు.

2021 నవంబరులో అటవీశాఖ ఇక్కడ రాత్రి బస, సఫారీ, అడవి నడక కలిపి ఒక ప్యాకేజీ మొదలుపెట్టింది. మన్ననూర్‌లో కాటేజీలు, మట్టి ఇళ్లు, చెట్టు మీద ఇల్లు ఉన్నాయి. టైగర్ రిజర్వు సొంత వెబ్‌సైటులోనే బుక్ చేసుకోవాలి. రేట్లు, సఫారీ వేళలు మారుతుంటాయి, కాబట్టి డబ్బు కట్టే రోజున అక్కడ ఉన్నదే నమ్మండి. గది ఇప్పిస్తామని ఫోన్లో డబ్బు అడిగేవాళ్ల జోలికి పోవద్దు. వారాంతపు గదులు ముందే నిండిపోతాయి. వీలైతే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. జనం తక్కువ, గైడుతో మాట్లాడే తీరిక ఎక్కువ.

బుక్ చేసిన కాగితం, అందరి గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోండి. డ్రోను ఇంట్లోనే వదిలేయండి.

నాలుగో అడుగు: చెక్‌పోస్టు వేళలు

రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాకపోకలు ఆపేస్తారు. రాత్రివేళ జంతువులు రోడ్డు దాటుతాయి, అందుకే ఈ కట్టడి. మీ ప్రణాళిక అంతా దీని చుట్టూ అల్లుకోవాలి. ముందు రోజు సాయంత్రానికే మన్ననూర్ చేరుకుని తొందరగా పడుకోవడం అన్నిటికంటే మంచిది. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయలుదేరి వచ్చేసరికి జంతువులు తిరిగే వేళ దాటిపోతుంది.

ప్రవేశ రుసుము కట్టేటప్పుడు ప్లాస్టిక్ గురించి అడుగుతారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కు ఇక్కడ నిషేధం ఉంది. బిస్కెట్ ప్యాకెట్ల కవర్లు కూడా ఇంటి దగ్గరే విప్పేసి డబ్బాల్లో సర్దుకోండి. కణితి కడుపులో ప్లాస్టిక్ ముద్ద పేరుకుంటే దానికి వైద్యం చేసేవాళ్లు అడవిలో ఉండరు.

దారిలో కోతులకు అరటిపండ్లు విసరకండి. అది దయ అనుకుంటారు చాలామంది. తిండి కోసం అవి రోడ్డు మీదే కాపు కాస్తాయి, వచ్చే బండి కింద పడతాయి. తల్లి పొట్టకు కరుచుకున్న పిల్లతో సహా చక్రాల కింద పోవడం ఈ రోడ్డు మీద తరచూ తిరిగేవాళ్లకు తెలిసిన దృశ్యమే. దయచేసి ఆ అలవాటు మానండి, పక్కవాళ్లను కూడా మాన్పించండి.

ఐదో అడుగు: సంచిలో ఏముండాలి

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు బట్టలు, నిండు చేతుల చొక్కా, మడమ దాకా కప్పే బూట్లు. చెప్పులతో నడక వద్దు. టోపీ, టార్చి, ఓఆర్ఎస్ పొడి, రోజూ వేసుకునే మందులు, కొంత నగదు. హైవే దిగితే ఫోను సిగ్నల్ ఉండదు, కాబట్టి యూపీఐ మీద ఆధారపడవద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి ముందే చెప్పండి.

తిండికి సద్ది కట్టుకోండి. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉడికించిన గుడ్లు, సర్వపిండి వంటివి ఒక పూటకు పాడుకావు, బరువు ఉండవు. అడవిలో పొయ్యి పెట్టడం నేరం, ఆ విషయం కింద మళ్లీ చెబుతాను.

బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఖరీదైన కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. పిట్టలను చూడటం ఈ అడవిలో పులిని వెతకడం కంటే ఎక్కువ తృప్తినిస్తుందని నా అనుభవం.

ఆరో అడుగు: అడవిలో నడక

ఫరహాబాద్ వైపు సఫారీ అటవీశాఖ వాహనంలోనే సాగుతుంది. నిజాం కాలంలో వేట బంగళా ఉన్న చోటు అది. కొండ కొమ్ము మీది వ్యూ పాయింటు నుంచి కిందికి చూస్తే మైదానమంతా పరుచుకుని ఉంటుంది. వెళ్లేవాళ్లంతా పులి కోసమే చూస్తారు. ఇక్కడ పులులున్నాయి, చిరుతలున్నాయి, ఎలుగులున్నాయి, రేచుకుక్కలున్నాయి. కానీ ఇది కొండలు, లోయలు, దట్టమైన పొదలు ఉన్న అడవి. పులి కనిపించడం అదృష్టం. పులి ఆనవాళ్లు కనిపించడం మాత్రం మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

తెల్లవారగానే దారి మీది మెత్తటి దుమ్మును చూడండి. గైడు వంగి చూపించే గుర్తులో వెనక ఒక పెద్ద మెత్త, ముందు నాలుగు వేళ్లు ఉంటాయి. వేళ్ల ముందు గోళ్ల గీతలు ఉంటే అది కుక్క జాతి, బహుశా రేచుకుక్క. గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి, ఎందుకంటే పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పెద్దవాళ్ల అరచేతి వెడల్పుకు మించి ఉంటే పులి అయ్యే అవకాశం ఎక్కువ, అంతకంటే బాగా చిన్నదైతే చిరుత. ఇక ఎప్పటిది అన్న ప్రశ్న. అంచులు పదునుగా ఉంటే ఆ రాత్రిది. అంచులు రాలిపోయి, మధ్యలో చీమలు దారి వేసుకుని ఉంటే పాతది. ఈ పాఠం ఒక్కసారి నేర్చుకున్నాక మట్టిదారి మీద ఊరికే నడవలేరు.

పుట్ట తవ్విన గొయ్యి, చెట్టు బెరడు మీద నిలువుగా చీరిన గీతలు కనిపిస్తే అది ఎలుగు పని. చెదల కోసం పుట్టను, తేనె కోసం చెట్టును వదలదు. కణితి తోక లేపి, ముందు కాలితో నేలను కొడుతూ ఒకే దిక్కుకు చూస్తూ అరిచిందంటే ఆ దిక్కున ఏదో ఉంది. పైన కొండముచ్చు కూడా అదే వైపు చూసి అరుస్తుంటే అనుమానం అక్కర్లేదు. అప్పుడు మాట్లాడకండి, కదలకండి.

చెట్లకు కట్టిన కెమెరా ట్రాప్‌లను తాకవద్దు. పులుల లెక్క వాటి మీదే ఆధారపడి ఉంది.

చెంచు గైడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ అడవిలో పెంటలనే చిన్న గూడేల్లో ఉండే గిరిజనులు చెంచులు. అప్పాపూర్, సార్లపల్లి, మేడిమల్కల వంటి ఆవాసాలు వాళ్లవి. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ట్రాకర్లుగా పనిచేసేవాళ్లలో చాలామంది వాళ్లే. గైడును "అన్నా" అని పిలిచి పేరు అడగండి, మీ పేరు చెప్పండి. ఏ చెట్టు జిగురు జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కొంటుంది, ఏ దుంప ఏ కాలంలో తవ్వుతారు, బండ అంచున వేలాడే తేనెపట్టును ఎలా కొడతారు అని అడిగితే చెప్పే తీరు వేరుగా ఉంటుంది. తేనె కొట్టేవాడు తాడు పట్టుకుని బండ దిగేటప్పుడు పైన ఆ తాడు పట్టేది బావమరిదే. తన అక్కో చెల్లెలో విధవ కాకూడదని అతను ఆ తాడు వదలడన్నది వాళ్ల నమ్మకం. పెంటలోకి పిలిస్తేనే వెళ్లండి, అడిగి ఫొటో తీయండి, మద్యం సీసాలు కానుకగా ఇవ్వకండి. తేనె కావాలంటే జీసీసీ దుకాణంలో కొనండి.

సలేశ్వరం గురించి

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర జరుగుతుంది. ఏడాదిలో ఆ కొద్ది రోజులే ఆ దారి జనానికి తెరుస్తారు. పూజ చేసేది చెంచులే. ఫరహాబాద్ గేటు నుంచి లోపలికి బండి దారి కొంత దూరం ఉంటుంది, ఆ తర్వాత రాళ్ల మీద నడక. లింగాల వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లూ ఉన్నారు. దిగేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా" అని, ఎక్కేటప్పుడు "వెళ్లొస్తాం లింగమయ్యా" అని లోయంతా మారుమోగుతుంది. రెండు కొండల మధ్య ఎక్కడో పైనుంచి నీటిధార గుండంలో పడుతుంది, పక్కన గుహలో లింగమయ్య. చూడవలసిన చోటు, అందులో సందేహం లేదు.

కానీ జాగ్రత్తగా ఆలోచించి వెళ్లండి. అది నడివేసవి. దారి చాలా చోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, ఒక పక్క లోయ. పౌర్ణమి రోజున దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకే దారిలో ఎదురుపడతారు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, చంటిపిల్లలున్న తల్లులు ఆ రోజు రావద్దని గట్టిగా చెబుతాను. వెళ్లేవాళ్లు అనుమతించిన మొదటి రోజునే, ఉదయం గేటు తెరిచే వేళకు అక్కడుండాలి. ఒక్కొక్కరు తమ నీళ్లు తామే మోసుకోవాలి. తోపులాట మొదలైతే కొండ వైపు ఒరిగి నిలబడండి, లోయ వైపు ఎప్పుడూ తప్పుకోకండి.

మల్లెలతీర్థం, నీళ్ల దగ్గర జాగ్రత్తలు

వటవర్లపల్లి దగ్గర హైవే దిగి సుమారు 8 కిలోమీటర్లు వెళ్తే మల్లెలతీర్థం. సుమారు 350 మెట్లు దిగాలి. దిగడం తేలిక, ఎక్కేటప్పుడే ఊపిరి అందదు, కాబట్టి మధ్యాహ్నం ఎండకు ముందే పైకి వచ్చేయండి. వేసవిలో ధార సన్నబడుతుంది, ఆ కాలంలో వెళ్లి నిరుత్సాహపడటం ఎందుకు? జలపాతం కింద బండలు పాకుడు పట్టి ఉంటాయి. మడుగు లోతు పైకి తెలియదు. ఈత వచ్చినవాళ్లే ఇలాంటి చోట్ల ఎక్కువగా ప్రమాదంలో పడతారు. మెట్ల మీద కూర్చుని చూడండి, కాళ్లు తడుపుకోండి, అంతే. కృష్ణ బ్యాక్‌వాటర్‌లో ఎక్కడా దిగవద్దు. లోతుతో పాటు మొసళ్లూ ఉన్నాయి.

నిప్పు

ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ అడవిలో నేలంతా ఎండుటాకులు, ఎండు బోదగడ్డి. ఒక్క బీడీ ముక్క చాలు, రాత్రంతా సిబ్బంది చెట్టుకొమ్మలతో, బ్లోయర్లతో మంట వెంట పరుగెత్తాల్సి వస్తుంది. అభయారణ్యంలో నిప్పు పెట్టడం, ఆర్పకుండా వదిలేయడం 30వ సెక్షన్ కింద నేరం. మూడు రాళ్ల పొయ్యి, చలిమంట, సిగరెట్, గుహల్లో దీపం వెలిగించి వదిలి రావడం, ఇవేవీ వద్దు. దూరాన పొగ కనిపిస్తే ఎదురెళ్లకండి, ఆ చోటును గుర్తు పెట్టుకుని దగ్గరలోని చెక్‌పోస్టులో చెప్పండి.

ఆపద వస్తే

పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు మందు కోసం తిరగవద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడిన చేతినో కాలినో కర్రతో కదలకుండా కట్టి, మనిషిని మోసుకుని రోడ్డెక్కించండి. 108కి ఫోను చేయండి, సిగ్నల్ లేకపోతే దారిన పోయే బండిని ఆపండి. కరిచిన సమయం గుర్తుంచుకోండి. పాముకాటు విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఎలుగు ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది. తిండి ధ్యాసలో ఉన్నప్పుడు దానికి మనిషి అలికిడి పట్టదు. పొదలు దట్టంగా ఉన్న మలుపుల దగ్గర గైడు గొంతు ఎత్తి మాట్లాడేది అందుకే. ఎదురైతే పరుగెత్తకుండా, దాని వైపు చూస్తూ మెల్లగా వెనక్కు రావాలి. తేనెపట్లు ఉన్న బండల దగ్గర సెంట్లు, పొగ, కేకలు వద్దు. పెద్దతేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తండి, అక్కడ నిలబడి చేతులు విసరకండి.

పెద్దవాళ్లతో వెళ్తుంటే

నడవలేని అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు అచ్చంపేట దగ్గర రంగాపూర్ ఉమామహేశ్వరం ఎంతో అనువైనది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరున్న క్షేత్రం. పెద్ద బండ చూరు కింద గుడి, పైనుంచి చుక్కచుక్కగా జారే పాపనాశనం నీరు, చుట్టూ అడవి. కొండ మీద దాకా బండి వెళ్తుంది.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మూడెకరాల మేర పరుచుకున్న ఒకే మర్రి, వయసు 700 ఏళ్లని చెబుతారు. చెదలు పట్టి కూలిపోయే స్థితికి వస్తే 2018లో అటవీశాఖ కాండానికి సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి బతికించింది. ఊడలు పట్టుకుని ఊగవద్దని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లు దేవరకొండ కోట చూసుకుని, నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున సాయంత్రం గడపవచ్చు. చేపల కూరకు పేరున్న ఊరు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి, జాకెట్లు లేని పడవ ఎక్కకండి. అక్కడి నుంచి అడవి గట్టు ఎదురుగా కనిపిస్తుంది కానీ అవతలి ఒడ్డున దిగడానికి అనుమతి కావాలి.